అర్ధరాత్రి కేకకు తలుపులు తెరుచుకోవాలి

మన సామెతల్లో దొంగలకు కొదవ లేదు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని ఒకటి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మరొకటి. మొదటిది తప్పంతా కుక్క మీదికి నెట్టేస్తుంది. రెండోది దేవుడి వల్లే కాదని చేతులు దులుపుకుంటుంది. మరి ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి సంగతేమిటి? ఆ రాత్రి ఆమె ఏం చేసింది? ఏం చేయాలనుకుని చేయలేకపోయింది? సామెతలు ఆ జోలికి వెళ్లవు. కథలు వెళ్తాయి గానీ, సరిగ్గా వెళ్లవని నా ఫిర్యాదు.

నేను కథలు రాస్తాను. అంతకన్నా ముందు, రోజూ రాత్రి పదింటికి గ్యాస్ కట్టేసి, పెరటి తలుపు గొళ్లెం పెట్టి, వీధి తలుపు రెండుసార్లు లాగి చూసుకుని పడుకునే ఇల్లాలిని. రెండు పనులూ చేసేదాన్ని కాబట్టి, కథల్లో ఇల్లు కాపాడుకునే తీరుకూ నిజంగా కాపాడుకునే తీరుకూ ఉన్న తేడా నాకు కాస్త ఎక్కువే కనబడుతుంది. ఆ తేడా వల్ల ఆడవాళ్లకు, అందులోనూ మగవాళ్లు దూరదేశంలో ఉన్న ఇళ్లలోని ఆడవాళ్లకు, చాలా నష్టం జరుగుతోంది.

కథల్లో దొంగ

అమ్మలు చింపి, కుట్టి, ట్రంకుపెట్టెలో దాచుకున్న సీరియల్ కాగితాలు చదివి పెరిగినవాళ్లం మనం. అందులో దొంగ వచ్చే రాత్రి ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలం. హోరుగాలి, వాన. ఠక్కున కరెంటు పోతుంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంది. నల్ల ముసుగు వేసుకున్నవాడు గోడ దూకుతాడు. ఆ తర్వాత రెండే దారులు. ఎక్కడినుంచో హీరో వచ్చి రక్షిస్తాడు, లేదంటే అప్పటిదాకా బొద్దింకను చూసి బెదిరిన కథానాయిక అపరకాళిగా మారిపోతుంది. మూడో దారి లేదు. పక్కింటివాళ్లు అనే జాతి ఆ కథల్లో అసలు కనిపించదు.

ఇంగ్లీషు సినిమాల్లో ఈ రకం కథలకు పేరు తెచ్చినవి రెండున్నాయి. 1967లో వచ్చిన ‘వెయిట్ అన్‌టిల్ డార్క్’లో ఆడ్రీ హెప్‌బర్న్ చూపులేని ఇల్లాలు. దుండగులు ఇంట్లోకి వస్తారు. ఆమె దీపాలన్నీ లేకుండా చేస్తుంది. ఇప్పుడు నీకూ నాకూ ఒకటే చీకటి అన్నట్టు. అయితే ఫ్రిజ్ తలుపు తెరిస్తే వెలిగే చిన్న బల్బు సంగతి మరచిపోతుంది. మనలాంటి వంటింటి మనుషులకు ఆ చోట గుండె జారుతుంది. ఇక 1990 నాటి ‘హోమ్ ఎలోన్’ మన పిల్లలకు కూడా తెలుసు. ఎనిమిదేళ్ల కుర్రాడు ఒక్కడే ఇంట్లో ఉండి ఇద్దరు దొంగలను ముప్పుతిప్పలు పెడతాడు.

ఈ రెండు సినిమాలూ చూసినవాళ్లు ఆమె తెలివినీ ఆ కుర్రాడి చిలిపితనాన్నీ చెప్పుకుంటారు. నేను చెప్పేది వేరే సంగతి. ఆ చూపులేని ఇల్లాలికి పైవాటాలో ఉండే చిన్నపిల్ల సాయపడుతుంది. ఆ కుర్రాడు చివరికి దొంగల చేతికి చిక్కినప్పుడు, ఊరంతా అనుమానంగా చూసే పక్కింటి ముసలాయన మంచు ఎత్తే పారతో వచ్చి కాపాడతాడు. అంటే ఆ కథల్లో కూడా ఒంటరిగా ఇల్లు కాపాడుకున్నవాళ్లు లేరన్నమాట! మనకు మాత్రం ఒంటరి వీరత్వమే గుర్తుండిపోయింది.

రేఖ ఎవరు గీశారు?

అంత దూరం ఎందుకు, మన రామాయణమే చూడండి. ఒంటరిగా ఉన్న ఇల్లాలి దగ్గరికి వచ్చిన దుర్మార్గుడి కథల్లో మనకు మొదట గుర్తొచ్చేది అదే. రావణుడు పది తలలతో, కత్తి దూసి రాలేదు. కాషాయం కట్టి, కమండలం పట్టుకుని, మర్యాదగా వచ్చాడు. అతిథిని ఆదరించడం ఇంటి ధర్మం కాబట్టి సీత ఆదరించింది. దొంగ దొంగలా రాడని అంతకన్నా స్పష్టంగా చెప్పిన కథ ఇంకొకటి లేదు.

అయితే మనం దాన్నుంచి నేర్చుకున్నదేమిటి? గీత దాటింది కాబట్టి అలా జరిగిందని! వాల్మీకి రామాయణంలో లక్ష్మణ రేఖ లేనే లేదు. తర్వాతి కాలపు రామాయణాల్లో వచ్చి చేరింది. మూలకథలో తప్పు మారువేషం వేసుకుని వచ్చినవాడిది. గీత వచ్చి చేరాక సగం తప్పు వాకిట్లో నిలబడ్డ ఆమె ఖాతాలోకి వెళ్లిపోయింది. ఇవాళ్టికీ ఆడపిల్లను మందలించాలంటే మన నోట వచ్చే మాట ఆ గీతే కదా!

భారతంలో కీచకుడి కథ ఇంకా కఠినమైనది. అతను బయటినుంచి వచ్చినవాడు కాదు, రాణి సుధేష్ణకు స్వయానా తమ్ముడు. ద్రౌపదిని అతని ఇంటికి పంపింది ఆ ఇంటి యజమానురాలే. ఆమె పరుగెత్తి నిండు సభలో మొరపెట్టుకుంటే రాజు దండించలేదు. పక్కనే మారువేషంలో ఉన్న ధర్మరాజు కూడా, రట్టు చేయకు, లోపలికి పో అన్న ధోరణిలోనే మాట్లాడాడు. దిక్కులేక ఆ రాత్రి వంటశాలకు వెళ్లి భీముణ్ణి నిద్రలేపింది. కీచకుణ్ణి భీముడు చంపాడని మనం చెప్పుకుంటాం గానీ, అంతకుముందు ఆమె పెట్టిన మొర నిండు సభలో వృథా అయిందని అంతగా చెప్పుకోం.

బేగంపేటలో పట్టపగలు

ఇక నిజంగా జరిగిన సంగతి. 2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేటలో ఒక ఇంటికి పట్టపగలు ఇద్దరు వచ్చారు. వాన లేదు, చీకటి లేదు. కొరియర్ తెచ్చామన్నారు. లోపలికి వచ్చాక నాటు తుపాకి, కత్తి బయటికి తీశారు. ఇంట్లో ఉన్నది తల్లీ, చదువుకునే కూతురూ, పనిమనిషి. తల్లి వెనక్కి తగ్గలేదు. తుపాకి పట్టుకున్నవాణ్ణి తన్ని, చేయి పట్టుకుని పెనుగులాడింది. కూతురు కూడా కలబడింది. ఇద్దరూ గట్టిగా అరిచారు. వాళ్లు పారిపోతుంటే వీధి కెమెరాకు చిక్కిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. పోలీసు అధికారులు తల్లీకూతుళ్లను సన్మానించారు.

ఈ సంఘటనను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకున్నారు. చెప్పుకోవలసిందే. కానీ ఇంకో రెండు సంగతులున్నాయి. వచ్చినవాళ్లకు ఆ ఇల్లు కొత్త కాదు. అంతకు ముందు శుభ్రం చేసే పనికి వచ్చి, ఏ గది ఎక్కడుందో చూసి వెళ్లారని పోలీసులు చెప్పారు. రెండోది, కేకలు విని చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకు వచ్చారు. ఒకడు అక్కడికక్కడే దొరికాడు. రెండోవాణ్ణి పోలీసులు తర్వాత పట్టుకున్నారు. ఆమె తన్నింది, అది ఆమె ధైర్యం. ఆమె అరిచింది, ఆ వీధి పలికింది. ఈ రెండోదాన్ని మనం అంతగా లెక్కలోకి తీసుకోలేదని నాకు అనిపిస్తుంది.

పోనీ అదంతా పట్నం, కెమెరాల వ్యవహారం అంటారా? 2019 ఆగస్టులో తమిళనాడులోని కడయం దగ్గర ఒక తోట ఇంట్లో వృద్ధ దంపతుల మీదికి కొడవళ్లతో ఇద్దరు వచ్చారు. ఆ ముసలావిడ చేతికందిన చెప్పు, ప్లాస్టిక్ కుర్చీ విసిరి కొట్టింది. భర్తా భార్యా కలిసి వాళ్లను తరిమేశారు. ఆ పంద్రాగస్టుకు అక్కడి ప్రభుత్వం వాళ్లకు సాహస పురస్కారం ఇచ్చింది. ఆయుధం కోసం వెతుక్కోనక్కర్లేదు, చేతికందిందే ఆయుధమని ఆ పెద్దావిడ చూపించింది. కాకపోతే అక్కడ ఆమెకు తోడుగా భర్త ఉన్నాడు. తోడు లేని ఇళ్ల మాటేమిటి?

మన ఆర్మూర్ వైపు సంగతి

ఆర్మూర్ అంటే చాలామందికి పసుపు, సిద్ధుల గుట్ట, పక్కనున్న అంకాపూర్ నాటుకోడి కూర గుర్తొస్తాయి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు రైతులు వందల్లో నామినేషన్లు వేస్తే నిజామాబాద్‌లో 185 మంది పోటీలో నిలిచారు. అప్పుడు దేశమంతా మన పేరు విన్నది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. కానీ పేపర్లలో అంతగా రాని సంగతి ఒకటుంది. ఈ ప్రాంతంలో వీధికి కొన్ని ఇళ్లయినా గల్ఫ్ ఇళ్లు. దుబాయ్, మస్కట్, సౌదీ అని 1970ల నుంచీ మగవాళ్లు వెళ్తూనే ఉన్నారు. ఇంట్లో ఉండేది భార్య, పిల్లలు, ఉంటే ఒక ముసలి అత్త. పసుపు తవ్వే కాలంలో ఆ అత్త కూడా కల్లం దగ్గరే. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కుప్పకు కాపలా. నాలుగు నాళ్లు ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. ఊరిని ఆనుకుని పోయే హైవే మీద ఎవరు వస్తారో, ఎవరు పోతారో ఎవరికి తెలుసు?

కల్లంలో పసుపు కుప్ప దగ్గర రాత్రంతా మనిషి పడుకుంటాడు. పక్క రైతు కుప్ప దగ్గర అలికిడైతే లేచి కేకేస్తాడు. కొమ్ములకున్నపాటి కాపలా మనుషులున్న ఇంటికి లేదు.

మా వైపు ఒక చెల్లెలుంది. భర్త దుబాయిలో. ఒకరోజు పొద్దున్నే వచ్చి కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

“రాత్రి ఎవలో పెరటి దర్వాజ కొట్టిండ్రక్కా. రెండుసార్లు. పిల్లలను దగ్గరికి తీసుకొని తెల్లారేదాంక కూసున్న.”

“మరి పిలవకపోతివా చెల్లే? మేం ఇక్కడనే ఉన్నం గదా!”

“ఎట్ల పిలుస్తక్కా? పిలిస్తే అందరు వస్తరు. వచ్చినోళ్లు వాడెటు పోయిండని అడుగుతరా? మీ ఇంటికే ఎందుకొచ్చిండని అడుగుతరు. పొద్దుగాల మా అత్తకు తెలుస్తది, మాపటికి దుబాయికి తెలుస్తది.”

నేను మాట్లాడలేకపోయాను. ఆమె పిరికిది కాదు. రోజుకు వందల బీడీలు చుట్టి, పిల్లలిద్దరినీ చదివించుకుంటూ, భర్త పంపే డబ్బుకు పైసాతో సహా లెక్క చెప్పే మనిషి. తలుపు వెనక రోకలి పెట్టుకునే పడుకుంటుంది. రోకలి ఎత్తడానికి ఆమెకు భయం లేదు. నోరు ఎత్తడానికే భయం. ఇంటి మీదికి వచ్చినవాడి కన్నా, ఆ మర్నాటి మాటలే ఆమెకు పెద్ద ప్రమాదంగా కనబడుతున్నాయి. ఆ సంగతి తలుపు కొట్టినవాడికీ బాగా తెలుసు. అతని ధైర్యమంతా అక్కడే ఉంది.

ఏ ప్రమాదంలోనైనా ఆడదాని చేతిలో ఉండే మొదటి ఆయుధం గొంతు. లైసెన్సు అక్కర్లేదు, డబ్బు పెట్టి కొనక్కర్లేదు, వంటింట్లోకి పరుగెత్తి వెతుక్కోనక్కర్లేదు. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నది దొంగ కాదు. మనమే.

ఐలమ్మ ఇంటి మీదికి వచ్చినప్పుడు

తెలంగాణ ఆడవాళ్లకు ఇంటి మీదికి వచ్చినవాళ్లను ఎదుర్కోవడం కొత్త కాదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ మన పిల్లలు బడిలో చదువుకుంటారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు 1940లలో ఆమె కౌలు చేను మీద పడి, పంటను దోచుకోవాలని చూశారు. ఆమె లొంగలేదు. సంఘం మనుషులు వచ్చి నిలబడ్డారు. గూండాలు పారిపోయారు. పంట కోసి ఆమె ఇంటికే చేర్చారు. ఆ తర్వాత దొర మనుషులు ఆమె ఇల్లు తగలబెట్టారు. అయినా ఆమె భూమి వదల్లేదు. ఆమె 1985లో కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

విగ్రహాల్లో ఐలమ్మ ఒక్కతే నిలబడి ఉంటుంది. ఆ రోజు చేనులో మాత్రం ఆమె ఒక్కతే లేదు. ఆ కాలంలో ఊళ్లలో ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు, వడిసెలలు సిద్ధంగా పెట్టుకున్నారన్నది తెలిసిన సంగతే. కానీ ఒక్క ఇంట్లో కారప్పొడి ఉంటే అది కూరలోకే. వీధిలో అన్ని ఇళ్లలో ఉండి, ఒక్క పిలుపుకు అన్నీ బయటికి వస్తేనే అది ఆయుధం. ఆ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్నే స్త్రీశక్తి సంఘటన వాళ్లు సేకరించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా తెచ్చారు. దొరికితే తప్పకుండా చదవండి.

చట్టం మన వైపే ఉంది

“కొడితే మన మీదే కేసు పెడతారు” అని చాలామంది ఆడవాళ్లు భయపడతారు. ఇది కొంత నిజం, చాలావరకు అపోహ. ఆత్మరక్షణ హక్కు పాత శిక్షాస్మృతిలోనూ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. మన ప్రాణాన్నీ, మన ఆస్తినీ, పక్కవాళ్ల ప్రాణాన్నీ ఆస్తినీ కూడా కాపాడే హక్కు మనకుంది. పక్కవాళ్లది కూడా అన్న మాట గుర్తుపెట్టుకోండి. పక్కింటి కేకకు పరుగెత్తడం మర్యాదే కాదు, చట్టం ఇచ్చిన హక్కు కూడా.

చంపుతాడని, తీవ్రంగా గాయపరుస్తాడని భయం కలిగినా, అత్యాచారానికి తెగబడినా, ఎత్తుకుపోవాలని చూసినా, ఆఖరికి ఎదుటివాడి ప్రాణం పోయినా సరే ఆ రక్షణ వర్తిస్తుంది. యాసిడ్ దాడిని 2013లో ఈ జాబితాలో చేర్చారు. పొద్దుగూకాక, తెల్లవారేలోపు ఇల్లు బద్దలుకొట్టి చొరబడ్డవాడి విషయంలోనూ అంతే. మీద పడ్డవాణ్ణి ఎదిరించేటప్పుడు ఎంత బలం వాడాలో త్రాసులో తూచినట్టు కొలవడం సాధ్యం కాదని 2010లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో వివరించింది.

అయితే హద్దులు కూడా ఉన్నాయి. అవసరానికి మించి గాయపరచకూడదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు చెల్లదు. పట్టుకుని కట్టేశాక కొట్టడం ఆత్మరక్షణ కాదు, నేరం. దొంగ భయంతో గోడకో గేటుకో కరెంటు తీగ చుట్టడం మరీ ఘోరం. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన తీగలకు మనుషులు బలైన వార్తలు మన వైపు కొత్తేమీ కాదు కదా.

భయం వెర్రితలలు వేస్తే

ఈ హద్దుల గురించి ఊరికే చెప్పడం లేదు. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని, దోపిడీ ముఠాలు దిగాయని సెల్‌ఫోన్లలో ఒకటే మెసేజీలు. ఆ పుకార్లు మన జిల్లా పల్లెలకు కూడా నిద్ర లేకుండా చేశాయి. ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. ఫలితం? హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో యాచనకు వచ్చిన ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. ఆమె ఎవరి పిల్లల్నీ ఎత్తుకుపోలేదు. దేశంలో చాలాచోట్ల ఇలాంటి అమాయకుల ప్రాణాలు పోయాయి.

అదే సమయంలో గద్వాల వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా డప్పులతో, పాటలతో పోలీసులను తిప్పి, ఆ మెసేజీలు అబద్ధమని చెప్పించారు. అదీ కాపలా అంటే. వీధి ఏకమైతే చాలదు, వివేకం కూడా కావాలి. కేక విని పరుగెత్తేది మనిషిని కాపాడడానికే గానీ మనిషిని చంపడానికి కాదు. కొత్త మొహం కనబడగానే దొంగ అనుకునే ఊరు, ఎప్పుడూ కనబడే మొహాన్ని అసలు అనుమానించదు. నిజమైన ప్రమాదం ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభై మందికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి.

తెలిసినవాళ్లంటే ఎవరు? పక్కింటివాడు, చుట్టం, వరసైనవాడు, ఒక్కోసారి ఇంటి యజమానే. గడియ పెట్టుకున్నా లాభం లేదు, ఆ గడియకు లోపలే ఉంటాడు. కీచకుడు చొరబడ్డ దొంగ కాదన్న మాట ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోవాలి. 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం, కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆడదానికి ఇచ్చింది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా సరే. హింసించే మగవాణ్ణి ఆ ఇంట్లోంచి బయటికి పంపే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉంది. అత్తామామల పేరున ఉన్న ఇంట్లో కూడా కోడలికి ఈ హక్కు ఉండవచ్చని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటిని కాపాడుకోవడమంటే బయటివాణ్ణి తరమడమే కాదు, లోపల మన చోటు మనం నిలబెట్టుకోవడం కూడా.

మనం చేయగలిగింది

కెమెరాలు పెట్టించుకోండి, మంచిదే. అయితే కెమెరా చూస్తుంది గానీ పరుగెత్తుకు రాదు. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో నగరాల గురించి ఒక పుస్తకం రాస్తూ, వీధిని కాపాడేది పోలీసుల కన్నా ముందు ఆ వీధి మీదుండే మనుషుల చూపులేనని చెప్పింది. అది చదివినప్పుడు నాకు మన అరుగులు గుర్తొచ్చాయి. చాటలు ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, వచ్చేపోయేవాళ్లను కనిపెడుతూ పొద్దంతా కూర్చునే మన బీడీల ఆడవాళ్లకు మించిన కాపలా ఎవరు? పగలు ఆ కాపలా ఉంది. రాత్రికి కూడా ఉండేలా చూసుకోవాలి.

ఇందుకు ప్రభుత్వం రానక్కర్లేదు. వీధిలో మహిళా సంఘం మీటింగు ఎలాగూ జరుగుతుంది. పొదుపు లెక్కలు అయ్యాక ఒక పది నిమిషాలు ఈ మాట మాట్లాడుకోండి. చుట్టూ ఉన్న నాలుగిళ్ల నంబర్లు ఫోన్‌లోనే కాదు, గోడ మీద కూడా రాసి పెట్టుకోండి. అత్యవసరమైతే 112, ఆడవాళ్ల సాయానికి 181 అని పిల్లలకు కూడా నేర్పండి. గొంతు పెగలకపోతే స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టండి, ఆ చప్పుడు నాలుగిళ్లు దాటుతుంది. తాళం వేసి కల్లానికో పెళ్లికో వెళ్లేటప్పుడు పక్కింట్లో చెప్పి వెళ్లండి. కొరియర్ అన్నా, మీటరు చూడాలన్నా, గొలుసు తీయకుండానే మాట్లాడండి. అందులో అమర్యాద ఏమీ లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు ఇంకొకటుంది. ఏ ఇంట్లోంచి కేక వినబడినా ముందు లైటు వేయాలి, తలుపు తీయాలి, నలుగురూ కలిసి బయటికి రావాలి. ఆ ఇంటి ఇల్లాలిని ఆ రాత్రి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “దెబ్బ తగిలిందా?” వాడు మీ ఇంటికే ఎందుకు వచ్చాడన్న ప్రశ్న ఆ రాత్రి అడగకూడదు. తెల్లారాక కూడా అడగకూడదు. ఆ జవాబు చెప్పవలసింది వచ్చినవాడు, పోలీస్ స్టేషన్‌లో. అది ఎవరి నోట వినబడినా, అది మన అత్తగారే కానీ, ఆడబిడ్డే కానీ, అక్కడే ఆపేయాలి. ఆ కబురు దుబాయికి చేరవేసే ఫోన్ మన చేతిలో ఉంటే, “నీ భార్య ధైర్యంగా అరిచింది, వీధంతా లేచింది, నువ్వు నిశ్చింతగా ఉండు” అని చెప్పాలి. అక్కడ పది మందితో ఒక గదిలో పడుకున్న ఆ అబ్బాయికి కావలసింది కూడా ఆ మాటే.

కథలు రాసే తోటి అక్కచెల్లెళ్లకు ఒక మనవి. ఈసారి మీ కథలో దొంగ పడితే హీరోను పంపకండి. ఎదురింటావిడను నిద్రలేపండి. జుట్టు ముడేసుకుంటూ, చేతికందిన చీపురో కర్రో పట్టుకుని, వెనక ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆమెను వీధి దాటించండి. పదిమంది చదివితే పది వీధుల్లోనైనా ఆ అలవాటు వస్తుంది. తలుపు వెనక రోకలి పెట్టుకుని నోరు మూసుకుని కూర్చున్న ఆడవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లు అరవగలిగిన రోజున, గొళ్లేలు కాస్త వదులైనా మన ఇళ్లు భద్రంగానే ఉంటాయి. ఏమంటారు?